కర్రల మంచె మీద గడ్డివామి: గుంజ పాతడం నుంచి ఆఖరి మోపు దూసేదాకా

గడ్డివామి ఎలా వేయాలి, కింద కర్రలు ఎందుకు, మాది నిరుడు లోపలంతా నల్లబడిపోయింది ఏం చేయమంటారు... ఈ ఏడాది ఈ ప్రశ్నలు ఎంతమంది అడిగారో లెక్క లేదు. అడిగేవాళ్లలో చాలామంది పట్నం నుంచి ఊరికి తిరిగొచ్చి రెండు గేదెలు కట్టేసుకున్నవాళ్లే. చిన్నప్పుడు వామి మీద నుంచి జారిన సంగతి అందరికీ గుర్తుంది. వేసేటప్పుడు పెద్దవాళ్లు ఏం చేశారో మాత్రం ఎవరికీ గుర్తు లేదు, ఎందుకంటే ఆ టైముకి మనం కల్లంలో గంతులేస్తున్నాం.

కొందరు స్లొవేనియాలో కొజోలెత్స్ అని పిలిచే నిలువు కర్రల చట్రాల ఫొటోలు పంపి, ఇలాంటిది మనం కట్టుకోవచ్చా అని అడిగారు. అవి చల్లటి, తేమ దేశంలో కోసిన పచ్చిగడ్డిని వేలాడదీసి ఆరబెట్టేవి. మన వరిగడ్డి మామూలు ఏడాదిలో పొలంలోనే ఎండిపోతుంది, మనకు కావాల్సింది ఎండినదాన్ని తొలకరి దాకా కాపాడే మంచె. తుఫాను కొట్టిన ఏడాది మాత్రం వాళ్ల పద్ధతే మనకూ దిక్కు. అది 6వ భాగంలో ఉంది.

చేతికోత గడ్డి గురించే ఇక్కడ ఎక్కువ రాశాను. మిషన్ కోతకు ఏం మారుతుందో 5వ భాగం చివర చెప్పాను.

1. ముందు లెక్క వేసుకోండి

పచ్చిమేత, దాణా కాక ఒక పాడిగేదెకు రోజుకు 5–6 కిలోల ఎండుగడ్డి పడుతుంది. రెండు గేదెలు, డిసెంబరు చివర నుంచి జులై మధ్య దాకా సుమారు 200 రోజులు. అంటే దాదాపు 2,400 కిలోలు. కిందా పైనా పాడయ్యేది కలుపుకుని రెండున్నర టన్నులు పైచిలుకు ఉంచుకోండి.

గడ్డి ఎంత వస్తుందంటే, ధాన్యం ఎంత బరువో గడ్డీ దాదాపు అంతే. ఎకరానికి 75 కిలోల బస్తాలు 28 పండితే గడ్డి రెండు టన్నుల పైన. మొదలంటా కోస్తేనే ఈ లెక్క, మోకాలెత్తున కోసి వదిలేస్తే కాదు.

ఇంత గడ్డికి 15 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు మంచె సరిపోతుంది. దాని మీద గోడ 7 అడుగులు, పైన కప్పులా నాలుగైదు అడుగులు లేస్తుంది. నాలుగు గేదెలుంటే పొడవు పెంచండి కానీ వెడల్పు 10 అడుగులు దాటనివ్వొద్దు. వెడల్పాటి వామి నడిమికి గాలి అందదు.

2. చోటు

మా పెదనాన్న చోటు చూసేటప్పుడు చెప్పులు విప్పి నడిచేవాడు. వట్టి కాలికి చెమ్మ తెలుస్తుందని. మీరు అంత చేయక్కర్లేదు, కిందటి వానాకాలంలో నీళ్లు ఎక్కడ నిలిచాయో గుర్తు చేసుకుంటే చాలు.

చూసుకోవాల్సినవి:

- దొడ్లో అన్నిటికన్నా మెరక. లేకపోతే అడుగు ఎత్తున మట్టి పోసి దిమిసా కొట్టాలి.
- ఇంటికి, పాకకు, పొయ్యికి కనీసం 50 అడుగుల దూరం.
- పైన కరెంటు తీగలు పోకూడదు. ట్రాన్స్‌ఫార్మర్ పక్కన అసలే వద్దు.
- చెట్టు కింద వద్దు. నీడ బాగానే ఉంటుంది, వాన వెలిసినా ఆకుల నుంచి పూటంతా చినుకులు రాలుతూనే ఉంటాయి.
- భోగి మంట వేసే చోటికి గాలివాలున ఉండకూడదు. డిసెంబరులో వామి వేస్తాం, జనవరిలో మంట వేస్తాం, ఈ రెండూ కలిపి ఆలోచించేవాళ్లు తక్కువ.
- బండి గానీ ట్రాక్టరు ట్రక్కు గానీ ఒక పక్కకు వచ్చే దారి.

తుఫాను గాలి ఎటు నుంచి కొడుతుందో మీ ఊళ్లో అందరికీ తెలుసు. వామి సన్నటి పక్క అటు పెట్టండి, పొడవాటి గోడ కాదు.

3. కర్రలు, సామాను

15×10 మంచెకు:

- పంగ ఉన్న గుంజలు 12. ఒక్కోటి 4 అడుగులు, రెండు అడుగులు భూమిలోకి, రెండు పైకి. నల్లతుమ్మ మంచిది, వేప ఫరవాలేదు.
- పొడవునా పరిచే దూలాలు 3. ఒక్కోటి 16 అడుగులు. పాత తాటిదూలం దొరికితే వదలొద్దు.
- అడ్డకర్రలు 21. ఒక్కోటి 11 అడుగులు, 3–4 అంగుళాల లావు. సరుగుడు (మా గోదావరి చుట్టాలు సరివి అంటారు) తేలిగ్గా దొరుకుతుంది.
- కందికంప నాలుగైదు మోపులు, లేదా తాటిమట్టలు.
- నిచ్చెన, పంగలకర్రలు రెండు, కొడవలి, మోకు.
- వెంట్లు (గడ్డితో పేనే తాళ్లు) పేనడానికి పొడవాటి గడ్డి విడిగా.
- ఇటుక సైజు రాళ్లు ఒక 16.

యూకలిప్టస్ చవగ్గా వస్తుందని గుంజలకు కూడా వాడేస్తున్నారు. అడ్డకర్రలకు సరే. భూమిలో పాతితే మాత్రం చెదలకు విందు.

4. మంచె కట్టడం

గుంజల మొదళ్లు భూమిలోకి పోయేంత మేర, ఇంకో అరడుగు పైదాకా, మంట మీద తిప్పుతూ పైపొర నల్లబడేలా కాల్చండి. బొగ్గు పొరను చెద త్వరగా ముట్టదంటారు. తారు పూసేవాళ్లున్నారు, పూస్తే నేల లోపలి భాగానికే పూయండి, మేతకు తగిలే చోట పనికిరాదు.

పొడవు వైపు 5 అడుగులకొకటి చొప్పున నాలుగు, వెడల్పు వైపు 5 అడుగులకొకటి చొప్పున మూడు, మొత్తం 12 గుంటలు. గుంజ దించి, చుట్టూ మట్టి, ఇటుక ముక్కలు వేసి గునపం మొదలుతో కూరండి. పంగలన్నీ ఒకే ఎత్తున ఉన్నాయో లేదో దారం కట్టి చూడండి. కంటితో చూసి సరిపోయిందనుకుంటే గడ్డి బరువు పడ్డాక ఒక మూల కుంగుతుంది, వామి అటు ఒరుగుతుంది. ఒరిగిన వామిని నిలబెట్టడం ఉండదు, విప్పి మళ్లీ వేయడమే.

పంగల్లో మూడు దూలాలు పొడవునా పెట్టండి. వాటి మీద అడ్డకర్రలు 9 అంగుళాలకొకటి. చివర్లు కొబ్బరితాడుతో కట్టండి. పైన కందికంప అడ్డదిడ్డంగా జానెడు మందాన పరవండి. ఇది గాలి పొర, ఇది లేకుండా గడ్డి నేరుగా కర్రల మీద వేస్తే సందుల్లోంచి కిందికి వేలాడి గాలి దారి మూసేస్తుంది.

ఎలుకల బెడద ఉంటే గుంజకు పాత డాల్డా డబ్బా రేకును గొడుగులా చుట్టి మేకు కొట్టండి. మంచె కింద కట్టెలు, పాత టైర్లు, నాగలి దాచుకునే అలవాటు మానుకోవాలి. అవి ఉన్నాక రెండడుగుల ఎత్తు పెట్టీ లాభం లేదు, పైగా పాములు.

5. వామి వేయడం

*ఎండిందా లేదా:* పనలు (కోసి పొలంలో పరిచిన వరి) మంచి ఎండలో 3–4 రోజులు ఆరి, నూర్పిడి అయ్యాక గడ్డి మళ్లీ ఒక పూట పల్చగా ఆరితే సాధారణంగా చాలు. కానీ రోజులు లెక్కపెట్టుకోవద్దు, గడ్డినే అడగండి. గుప్పెడు తీసుకుని తాడులా మెలిపెట్టండి, చిటపటమని విరగాలి. మెత్తగా మెలిక పడి చెయ్యి తీస్తే మెల్లిగా విప్పుకుంటే ఇంకా పచ్చి ఉన్నట్టు. కణుపు దగ్గర గోరు దిగితే కూడా అంతే. ఆకు ఎండినా కణుపులో తేమ ఆఖరున పోతుంది.

ఇంకా అనుమానంగా ఉంటే ఆరిన గాజు సీసాలో కత్తిరించిన గడ్డి, చెంచాడు పొడి ఉప్పు వేసి రెండు మూడు నిమిషాలు ఊపండి. ఉప్పు పొడిగా గలగలమంటే వేసేయొచ్చు. ముద్దకట్టినా గాజుకు అంటుకున్నా తేమ 15 శాతం దాటినట్టు, ఇంకో రోజు ఆగండి.

పొద్దున్నే మొదలుపెట్టొద్దు. డిసెంబరు మంచు తొమ్మిదింటి దాకా గడ్డి మీదే ఉంటుంది. పదింటికి మొదలుపెట్టి పొద్దుగూకే లోపు కప్పు దాకా తేవాలి. కనీసం నలుగురు మనుషులు కావాలి: మోసేవాళ్లు ఇద్దరు, పంగలకర్రతో అందించేవాళ్లు ఒకరు, పైన వేసేవాళ్లు ఒకరు. పైన ఉండేది ఒక్కరే, మాట కూడా ఒక్కరిదే.

*వరస ఇది:*

1) కందికంప మీద అడుగు మందాన గడ్డి అటూ ఇటూ కలిపి వేయండి. ఇది పరుపు, దీనికి పద్ధతి అక్కర్లేదు.

2) మొదట నాలుగు మూలలు. మూలలో మోపును ఏటవాలుగా, మొదళ్లు బయటికి వచ్చేలా పెట్టండి.

3) మూల నుంచి మూలకు అంచు వరస. ఇక్కడా మొదళ్లు బయటికి, కొసలు లోపలికి. కొసల్లో మిగిలిపోయిన నాలుగు గింజల కోసమే పిట్టలు, ఎలుకలు వస్తాయి, అవి లోపలుంటే వాటికి పని తగ్గుతుంది. మొదలు గట్టిది, పక్కనే పోయే దూడ ఊరికే లాక్కోలేదు.

4) లోపలి వరస అంచు వరస కొసల మీద సగం ఎక్కేలా వేయండి. పెంకుటింటి పెంకు మీద పెంకు ఎక్కినట్టు.

5) ఇప్పుడు నడుమ నింపండి. నడుమ ఎప్పుడూ అంచుల కన్నా మూరెడు ఎత్తు ఉండాలి.

ఈ గైడ్‌లో ఒక్క ముక్కే గుర్తుంటుందంటే అది ఈ 5వ మెట్టు కావాలి. నడుమ ఎత్తుగా ఉంటే ప్రతి గడ్డిపరకా బయటికి వాలి ఉంటుంది, లోపలికి దిగిన చుక్క ఆ పరక వెంటే జారి బయట పడుతుంది. నడుమ పల్లంగా ఉంటే అదే పరక నీళ్లను లోపలికి పిలుస్తుంది. పైన ఎన్ని పట్టాలు కప్పినా ఈ తప్పు పోదు. మా పెదనాన్న కింద అరుగు మీద కూర్చుని చుట్ట ఆర్పేసి (వామి దగ్గర చుట్ట వెలిగించేవాడు కాదు, నోట్లో ఉత్తిగా పెట్టుకునేవాడు) "నడుమ తొక్కరా, నడుమ!" అని అరుస్తూనే ఉండేవాడు. తొక్కితే కుంగుతుంది కదా, ఎత్తు ఎలా వస్తుందని నాకు చాలా ఏళ్లు అర్థం కాలేదు. నడుమ తొక్కి గట్టిపరిస్తే ఇంకా గడ్డి పడుతుంది, తర్వాత వామి దిగేటప్పుడు నడుమ కాక అంచులు దిగుతాయి. వాలు ఇంకా పెరుగుతుంది.

6) అంచుకు అడుగు లోపలే నిలబడండి. అంచు తొక్కితే గోడ బొజ్జలా బయటికి వస్తుంది.

7) రెండడుగులు లేచినప్పుడల్లా కింద ఉన్నవాళ్లు గోడలను పంగలకర్రతో పైనుంచి కిందికి దువ్వాలి. ఊడొచ్చిన గడ్డి మళ్లీ పైకి.

8) ఒక్కో వరస అంగుళం బయటికి జరుపుతూ 7 అడుగుల దాకా వెళ్లండి. అప్పుడు చూరు కింది గోడ కన్నా ముందుకు ఉంటుంది, నీళ్లు గోడకు తగలకుండా నేల మీద పడతాయి.

9) అక్కడి నుంచి లోపలికి లాగుతూ కప్పు. వాలు నిటారుగా ఉండాలి, పూరింటి కప్పు ఎంత వాలుంటుందో అంత. బద్ధకించి చదునుగా ముగించిన వామి ఫిబ్రవరికే పైన పచ్చగా మొలకలేస్తుంది.

10) విడిగా దాచిన పొడవాటి గడ్డి ఇప్పుడు వాడండి. కప్పు మీద కింది నుంచి పైకి వరసలుగా పరిచి, కొప్పు మీద లావుపాటి చుట్ట పెట్టండి.

11) వెంట్లు పేని కొప్పు మీదుగా రెండు వైపులా దించండి, రెండడుగులకొకటి. చివర్లకు రాళ్లు కట్టి వేలాడదీయండి. రాయి నేలకు తగలకూడదు, వామి దిగేకొద్దీ అది కూడా దిగుతూ వెంటిని బిగువుగా ఉంచాలి.

*మిషన్ కోత అయితే:* హార్వెస్టర్ వెనక పడే గడ్డి తునకలైపోయి ఉంటుంది, దానికి మొదలూ కొసా లేదు, నీళ్లు జార్చే గుణమూ లేదు. దాంతో ఈ వామి రాదు, ప్రయత్నించి రెండు రోజులు పాడు చేసుకోవద్దు. బేలర్‌తో కట్టలు కట్టించి ఇదే మంచె మీద పేర్చండి, కట్టకీ కట్టకీ మధ్య బెత్తెడు సందు వదలండి. పైవరసను మిద్దెలా కాకుండా వెన్నులా పేర్చి, దాని మీద వెదురు పెట్టి, వెదురు మీద పట్టా వేయండి. పట్టా గడ్డిని తాకకూడదు. పక్కలు మూయొద్దు.

6. తడిసిన గడ్డికి దండెం

2023 డిసెంబరు 5న మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు మా వైపు చాలా పొలాల్లో వరి పనల మీదే ఉంది. పనల మీద తడిసిన ధాన్యం మొలకెత్తకుండా లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు కలిపి చల్లమని చెబుతారు, అది గింజ కోసం. గడ్డి సంగతి వేరు. నేను అప్పుడు రెండు రోజుల ఎండకు పైన గలగలమంటోందని తొందరపడి వామి వేసేశాను. తొమ్మిదో రోజు పొద్దున కొప్పులోంచి ఆవిరి లేచింది. మంచు పొగ అనుకున్నాను. చెయ్యి దూర్చితే లోపల అన్నం కుండలా ఉంది, వాసన మాత్రం ఉడికిన పొగాకుది. సగం వామి విప్పి పెంటపోగుకు తోలాల్సి వచ్చింది.

అందుకే తడి ఏడాదిలో ముందు దండెం:

- ఆరడుగులు పైకి ఉండేలా నిలువు గుంజలు, ఆరేడు అడుగులకొకటి, వరసలో.
- వాటికి మూడు అడ్డకర్రలు. కిందిది నేలకు రెండడుగుల ఎత్తున, మిగతావి రెండడుగులకొకటి.
- గడ్డిని చిన్న చిన్న పిడికట్టలుగా తీసి, కర్రకు రెండు వైపులా వేలాడేలా వేయాలి, పంచె ఆరేసినట్టు.
- కింది కర్ర నుంచి మొదలుపెట్టి పైకి. పై కర్ర మీద కాస్త మందంగా వేస్తే మళ్లీ చినుకు పడినా కిందివాటికి గొడుగు.
- గాలి తగిలేలా వరసను గాలికి అడ్డంగా నిలపాలి.

పల్చగా వేయడమే ఇందులో అసలు పని. ఎక్కువ వేస్తే దండెం మీదే బూజు పడుతుంది. నాలుగైదు రోజుల తర్వాత ఉప్పు సీసా పరీక్ష చేసి, అప్పుడు వామికి తరలించండి.

పిల్లిపెసర, అలసంద, వేరుశనగ కట్టెకైతే మూడు కర్రల ముక్కాలి మేలు: ఎనిమిది అడుగుల కర్రలు మూడు పైన కలిపి కట్టి, నడుముకు అడ్డకర్రలు బిగించండి. లోపల డొల్లగా ఉంటుంది, గాలి కింది నుంచి పైకి పోతుంది. వీటి బలమంతా ఆకులో ఉంది, ఆకు ఎండలో పొడిపొడిగా రాలిపోతుంది. తిరగేయాలన్నా మోయాలన్నా మంచు తడి ఇంకా ఉన్న పొద్దుటి పూటే చేయండి. వరిగడ్డికి చెప్పినదానికి ఇది పూర్తిగా వ్యతిరేకం, కలిపేసుకోవద్దు.

7. మొదటి నెల కాపలా

వామి వేసి ఇంటికెళ్లి పడుకోవడం కాదు. మొదటి నెల వారానికి రెండుసార్లు చూడండి.

- నునుపు ఇనుప చువ్వ వామి నడుముకు గుచ్చి 20 నిమిషాలు ఉంచి లాగండి. గోరువెచ్చన అయితే మామూలే. చెయ్యి పట్టలేనంత వేడిగా ఉంటే ప్రమాదం.
- పట్టలేనంత వేడి ఉంటే ఒక్కసారిగా విప్పొద్దు. గాలి తగలగానే లోపల భగ్గుమనొచ్చు. నీళ్లు, మనుషులు సిద్ధంగా పెట్టుకుని, 101కి ఫోన్ చేసి, ఆ తర్వాతే విప్పండి. వామి పైకి ఎవరూ ఎక్కకూడదు.
- రెండు మూడు వారాల్లో వామి బాగా దిగుతుంది. కొప్పు దగ్గర పల్లం కనిపిస్తే అదే రోజు గడ్డి తెచ్చి నింపి వెంట్లు మళ్లీ బిగించండి.

వానకు ఒక మూల తడిసిందా? ఎండొచ్చాక ఆ మూల మూరెడు లోతు లాగి ఆరబెట్టి పక్కన పెట్టండి, తిరిగి అదే సందులో కూరొద్దు. గోడ బొజ్జ కట్టిందా? రెండు వాసాలు ఏటవాలుగా ఊతం పెట్టండి, దూసేటప్పుడు ఆ వైపు నుంచే మొదలుపెట్టండి.

నల్లబడి బూజు వాసన వచ్చే గడ్డిని "కాస్త కలిపి వేస్తే తింటాయిలే" అనుకోవద్దు. బూజు గడ్డి తిన్న గేదెలకు చెవి కొనలు, తోక, గిట్టల దగ్గర కుళ్లే డెగ్నాలా అనే జబ్బు వస్తుంది. అలాంటి గడ్డికి చోటు పెంటపోగే.

8. దూయడం

చుట్టూ తిరిగి ఎక్కడ పడితే అక్కడ లాగడం అందరూ చేసే పని. నెలకల్లా వామి పుట్టగొడుగులా తయారై ఒక గాలిరోజు కూలుతుంది. వాన కొట్టని సన్నటి పక్క ఒకటి ఎంచుకోండి, పైనుంచి కిందికి ఒకే ముఖంగా, రొట్టె కోసినట్టు దూసుకుంటూ వెళ్లండి. పైభాగం లాగాలంటే నిచ్చెన వేయాలి, బద్ధకిస్తే తల మీద పడుతుంది.

రేపటికి కావాల్సింది ఇవాళ సాయంత్రం దూసి పాకలో పెట్టుకోండి. చెయ్యి దూర్చే ముందు కర్రతో ఒకసారి తట్టండి, పాము ఉండొచ్చు, కోడి పొదిగే గుడ్లూ ఉండొచ్చు. మా అమ్మ వామిలో సీతాఫలాలు మాగేసి ఎక్కడ పెట్టిందో మర్చిపోయేది, ఫిబ్రవరిలో దూస్తుంటే నల్లటి ముద్దలు బయటపడేవి.

దూసేటప్పుడు పొడి దుమ్ము లేస్తుంది, ముక్కుకు తువ్వాలు కట్టుకోండి. దురదకు వేన్నీళ్ల స్నానమే మందు.

జూన్ చివరికి పరుపు గడ్డి దాకా వస్తారు. అది మేతకు వేయకుండా దూడల కిందకు వాడేయండి. కందికంప పొయ్యిలోకి. అడ్డకర్రలు విప్పి పాకలో అటక మీద పడేయండి, గుంజలు అలాగే ఉండనిచ్చి ఒక్కోదాన్ని ఊపి చూడండి. ఊగినదానికి సున్నంతో గుర్తు పెట్టుకుంటే కార్తీకంలో ఏది మార్చాలో వెతుక్కోనక్కర్లేదు.